లెక్కలోకి రాని పరుగులు

"సార్, మా పాప జ్యోతి మాదిరి అవుతుందా?"

అనంతపురం పోలీసు శిక్షణ కళాశాల (పీటీసీ) మైదానంలో పొద్దున్నే ఒక పక్క కానిస్టేబుల్ ఉద్యోగాల కోసం 1600 మీటర్లు పరిగెత్తే కుర్రాళ్ళు ఉంటారు. ఇంకో పక్క బడిపిల్లలు. వాళ్ళను తోలుకొచ్చిన అమ్మానాయనలు గట్టున కూర్చుని ఉంటారు. డ్రిల్లు మాస్టరుగా బతుకంతా మైదానాల్లో గడిపినవాణ్ణి కాబట్టి, ఎవరో ఒకరు నా పక్కకు జరిగి ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. జ్యోతి అంటే విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ. 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా విజేత, ఆ పోటీలో ఒలింపిక్స్ దాకా వెళ్ళిన మొదటి భారతీయ మహిళ.

ఆ ప్రశ్న వెనకాల ఇంకో రెండు ఉంటాయని నాకు తెలుసు. పెట్టిన ఖర్చు వృథా పోదు కదా? చదువు చెడదు కదా? ఇవి సిగ్గుపడాల్సిన ప్రశ్నలేమీ కావు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని వాన పడే సీమలో బతుకుతున్నాం మనం. ఏ పని మొదలుపెట్టినా ముందు నష్టం ఎంత అని లెక్కేసుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన బుద్ధి.

మీరు అడిగిన మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలంటే, బహుశా కాదు. ఈ పోటీలో అనురాధ బిస్వాల్ 2002లో 13.38 సెకన్లతో పెట్టిన జాతీయ రికార్డు ఇరవై ఏళ్ళ పాటు చెక్కు చెదరలేదు. ఇంత పెద్ద దేశంలో, అన్నేళ్ళలో! ఆ మెట్టు దాకా వెళ్ళేది ఏ ఒక్కరో ఇద్దరో.

కానీ ఈ మాట చెప్పి నేను లేచిపోతే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. ఎందుకంటే మీరు అడిగే ప్రశ్న ఒకటి, ట్రాక్ మీద ఉన్న మీ పాప మనసులో నలిగే ప్రశ్న ఇంకొకటి. 'నేను అట్లా కాకపోతే మా అమ్మావాళ్ళు ఏమైపోతారు?' అనేది పాప ప్రశ్న. మనం కూర్చుని మాట్లాడుకోవాల్సింది దాని గురించి.

జ్యోతి ఇంటి సంగతి మీకు కొంత తెలిసే ఉంటుంది. తండ్రి సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్ళలో పనిచేస్తూ, ఆసుపత్రిలో శుభ్రం చేసే పనికీ వెళ్ళేది. పొడుగ్గా ఉంది, హర్డిల్స్‌కు పనికొస్తుంది అని బళ్ళో వ్యాయామ ఉపాధ్యాయుడు గుర్తుపట్టాడు. 2016లో హైదరాబాదు వెళ్ళి ఎన్. రమేశ్ దగ్గర శిక్షణలో చేరింది. తర్వాత గుంటూరు, 2019లో భువనేశ్వర్. అక్కడ ఇంగ్లండు కోచ్ జేమ్స్ హిలియర్ చేతిలో పడింది. పేపర్లలో మనం చదివేది ఈ మెట్ల వరుసే. మధ్యలో జరిగిన ఒక సంగతిని మాత్రం నేను పిల్లల తల్లిదండ్రులకు మళ్ళీ మళ్ళీ చెబుతుంటాను.

2020 జనవరి. కర్ణాటకలోని మూడబిద్రిలో యూనివర్సిటీల మీట్. జ్యోతి 13.03 సెకన్లలో పరిగెత్తింది. పాత రికార్డు కంటే చాలా మెరుగు. కానీ దాన్ని రికార్డుగా ఒప్పుకోలేదు. ఆ మీట్‌లో ఆమెకు డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ లేడు. ఇరవై ఏళ్ళ పిల్ల. ఆ లోపం ఆమెది కానే కాదు. రెండేళ్ళ తర్వాత, 2022 ఏప్రిల్‌లో, కోళికోడ్ ఫెడరేషన్ కప్‌లో 13.09. ఈసారి గాలి అడ్డొచ్చింది. వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2 మీటర్లు మించకూడదని నియమం. ఆ రోజు 2.1 ఉంది. పరుగు మళ్ళీ లెక్కలోకి రాలేదు.

అమ్మా, నాయనా, ఒక్క నిమిషం ఇక్కడ ఆగుదాం. ఆ సాయంత్రం ఆ పిల్ల మన ఇంటికి వచ్చిందనుకోండి. మనం ఏమంటాం?

ఒకరు, "ఆ ఆఫీసర్లంతా ఇంతే, మన మాదిరోళ్ళకు న్యాయం యాడుంది?" అంటారు. ప్రేమతోనే అంటారు. ఇంకొకరు, "పోనీలే, మళ్ళీ పరిగెత్తి చూపించు" అంటారు. అదీ ప్రేమే. మరొకరు ఏమీ అనరు, ముఖం తిప్పుకుని బయటికి వెళ్ళిపోతారు. బిడ్డ బాధ చూడలేక. ఈ మూడింట్లో ఏ ఒక్కటీ దుర్మార్గం కాదు. అయితే పిల్లకు చేరేది వేరు. మొదటి మాటతో, పరిగెత్తి లాభం లేదని అర్థమవుతుంది. రెండో మాటతో, ఈ రోజు పరిగెత్తిన పరుగుకు ఇంట్లో కూడా విలువ లేదని అర్థమవుతుంది. మూడోది అన్నిటికంటే బరువు: నాయన నా వల్ల బాధపడుతున్నాడు.

అధికారులు లెక్కలో వేయని పరుగును ఇంట్లోవాళ్ళు లెక్కలో వేయొచ్చు. "ఎట్ల పరిగెత్తితివి, చెప్పు" అని అడిగి, పక్కన కూర్చుని, మొదటి హర్డిల్ నుంచి పదో హర్డిల్ దాకా ఓపిగ్గా వినడం. పదమూడు సెకన్ల పరుగును పిల్లలు అరగంట చెబుతారు, మీకు తెలుసు కదా. ఆ అరగంట వినండి.

ఆ తర్వాత జ్యోతి కథ ఎలా సాగిందో పెద్దగా చెప్పక్కర్లేదు. 2022 మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23 పరిగెత్తింది. లెక్కలోకి రాని ఆ రెండు పరుగుల కంటే ఇది నెమ్మది. కానీ రికార్డు పుస్తకంలోకి ఎక్కింది ఇదే. అదే ఏడాది అక్టోబరులో బెంగళూరులో 12.82. పదమూడు సెకన్ల లోపు పరిగెత్తిన మొదటి భారతీయ మహిళ అయింది. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా స్వర్ణం, 2025లో కొరియాలోని గుమిలో మళ్ళీ స్వర్ణం.

ఇక మన సీమ సంగతికి వద్దాం. మనకు ఒక అలవాటుంది. తొలకరి పడగానే ఉన్నదంతా ఊడ్చి శెనక్కాయ విత్తనం కొంటాం. అప్పు తెస్తాం. అంతా ఆ ఒక్క పంట మీద పెట్టి, ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటాం. తరాలుగా మనకు తెలిసిన సేద్యం అది. మనకు తెలియకుండానే, కొంచెం చురుకైన బిడ్డను కూడా మనం అట్లే చూస్తాం. ఇంట్లో ముగ్గురుంటే ఆ ఒక్కదాని మీదే అంతా పెడతాం. బూట్లకు అప్పు, బస్సు చార్జీలకు అప్పు. అమ్మ కమ్మలు తాకట్టు. మనం నోరు తెరిచి అడగం, "నువ్వు గెలిచి ఇదంతా తీర్చాల" అని. అడగాల్సిన పని కూడా లేదు. రాత్రి పూట గోడ పక్కన మీరిద్దరూ బోరు ఎండిపోయిన సంగతి, సొసైటీ బాకీ సంగతి గుసగుసగా మాట్లాడుకుంటుంటే, దుప్పటి కింద కళ్ళు మూసుకున్న పిల్ల అంతా వింటూనే ఉంటుంది. తన బూట్ల ధర దానికి తెలుసు. అది ఎన్ని రోజుల కూలి డబ్బో కూడా తెలుసు.

శెనక్కాయ చెట్టుకు వాన రాకపోతే అది తన తప్పనుకోదు. పిల్ల అనుకుంటుంది.

జ్యోతి కూడా ఒకప్పుడు ఇంటి గురించి, కుటుంబ పరిస్థితి గురించి చాలాసార్లు దిగులుపడేదాన్నని పారిస్ ఒలింపిక్స్‌కు ముందు చెప్పుకుంది. అదే సందర్భంలో తల్లి గురించి చెప్పిన మాటలు మనం గుర్తుంచుకోదగ్గవి. వచ్చే పోటీ గెలవమనో, పతకం తెమ్మనో అమ్మ ఎప్పుడూ అడగదట. ఆరోగ్యంగా ఉండు, చేసే పనిలో నీకు తృప్తి ఉండాలి అని మాత్రమే అంటుందట. గెలుపు అవసరం ఆ ఇంటికి మన ఇళ్ళకంటే తక్కువేమీ కాదు, గమనించండి.

ఇదంతా మనసుకు సంబంధించిన మెత్తటి మాటలనుకునే నాయనలు కొందరుంటారు. వాళ్ళకు హర్డిల్ గురించి కొంచెం చెబుతాను. పెద్ద అమ్మాయిల 100 మీటర్లలో పది హర్డిల్స్. ఒక్కోటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. మొదటిది 13 మీటర్ల దగ్గర, తర్వాత ఎనిమిదిన్నర మీటర్లకొకటి. రెండింటి మధ్య మూడే అడుగులు. చూసేవాళ్ళు దీన్ని ఎగిరే ఆట అనుకుంటారు. నిజానికి ఇది పరుగే. హర్డిల్ దగ్గర వేగం తగ్గించకూడదు, పైకి ఎగరకూడదు, వీలైనంత తక్కువ ఎత్తులో దాటి మళ్ళీ నేల మీదికి రావాలి. భయమున్న పిల్ల ఏం చేస్తుందంటే, హర్డిల్ ముందు అడుగు చిన్నది చేస్తుంది. ఆ అరక్షణం తగ్గడం వల్ల మూడు అడుగులు చాలవు, నాలుగో అడుగు పడుతుంది, లయ పోతుంది. పడతానేమో అనే ఆలోచనే పడేస్తుంది. పడితే దెబ్బ తగులుతుందన్న భయం వారం పదిరోజుల్లో పోతుంది. పడితే నాయన ఏమనుకుంటాడో అన్న భయం అంత తొందరగా పోదు. అది ప్రతి హర్డిల్ దగ్గరా మళ్ళీ లేస్తుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. హర్డిల్‌కు కాలు తగిలి అది పడిపోయినంత మాత్రాన తప్పు కాదు. మామూలుగా కావాలని తోస్తే తప్ప పోటీలోంచి తీసేయరు. కొంచెం సమయం పోతుంది, అంతే. గట్టు మీద నుంచి "అయ్యో!" అని మనం పెట్టే కేక మాత్రం పాప చెవిలో మిగతా హర్డిల్సన్నీ అయ్యేదాకా ఉంటుంది. మీట్‌కు వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. ముగింపు గీత దగ్గర కాకుండా కొంచెం దూరంగా నిలబడితే మంచిది.

2023 అక్టోబరు 1, చైనాలోని హాంగ్‌జౌలో ఆసియా క్రీడలు. ఫైనల్లో తుపాకీ పేలకముందే పక్క లేన్‌లోని చైనా అమ్మాయి వూ యన్నీ కదిలింది. జ్యోతి కూడా కదిలిందని ఇద్దరికీ ఎర్ర కార్డు చూపించారు. జ్యోతి అక్కడే నిలబడి, తప్పు తనది కాదని అధికారులతో వాదించింది. పరాయి దేశం, స్టేడియం నిండా ఆ దేశం జనం, చుట్టూ పెద్ద పెద్ద అధికారులు. చివరకు ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు. జ్యోతి 12.91తో మూడోదిగా వచ్చింది. ఆ తర్వాత వూను అనర్హురాలిగా ప్రకటించారు, జ్యోతికి రజతం దక్కింది.

ఈ సంగతి చదివి మనమంతా శభాష్ అన్నాం. మరి మన ఇంట్లో? "నేను చేయలేదు నాయనా" అని పిల్ల అంటే "ఎదురు మాట్లాడతావా?" అని గద్దించేది మనమే కదా. మర్యాద నేర్పాలనే మన ఉద్దేశం, అందులో తప్పు లేదు. కానీ ఇంట్లో నాయన ముందు పెగలని గొంతు అధికారి ముందు పెగలదు. చెడ్డ ఉద్దేశంతో దగ్గరికొచ్చే పెద్దవాడి ముందు అసలే పెగలదు. ఆడపిల్లను ఆటకు పంపేటప్పుడు మన గుండెలో ఉండే మొదటి భయం అదే కాబట్టి ఈ మాట అంటున్నాను. 'తప్పు నాది కాదు' అని చెప్పడం పిల్ల ముందు మన దగ్గరే నేర్చుకోవాలి. అప్పుడప్పుడు తప్పు మనదే అయి ఉంటుంది, ఒప్పుకుంటే పోయేదేమీ లేదు.

పారిస్ సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. 2024 ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత రావాలంటే 12.77 పరిగెత్తాలి. జ్యోతి అత్యుత్తమ సమయం 12.78. సెకనులో నూరో వంతు తేడా! ప్రపంచ ర్యాంకుల ద్వారా వెళ్ళింది. అక్కడ హీట్‌లో 13.16తో ఏడో స్థానం, రెండో అవకాశంగా ఇచ్చే రెపిచేజ్‌లో 13.17తో నాలుగో స్థానం. అంతటితో ఆమె ఒలింపిక్స్ అయిపోయింది. మరుసటి ఏడాది గుమిలో గెలిచిన కొన్నాళ్ళకే మోకాలి లిగమెంటు దెబ్బతింది, టోక్యో ప్రపంచ పోటీలకు వెళ్ళలేకపోయింది. దేశంలో అందరికంటే వేగంగా హర్డిల్స్ దాటే అమ్మాయి బతుకే ఇలా ఉంటే, మన పాప జిల్లా మీట్‌లో ఐదో స్థానంలో వచ్చిందని ఇంటిల్లిపాదీ అన్నం మానేయడం దేనికి?

మగపిల్లల తల్లిదండ్రులు "మా సంగతేంటి సార్" అంటారు. వాళ్ళకు ఎడ్విన్ మోజెస్ గురించి చెబుతాను. 1976 మాంట్రియల్‌లోనూ, 1984 లాస్ ఏంజిలిస్‌లోనూ 400 మీటర్ల హర్డిల్స్‌లో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన అమెరికా నల్లజాతి అథ్లెట్. తల్లిదండ్రులిద్దరూ విద్యారంగంలో ఉన్నవాళ్ళే. కాలేజీలో సీటు వచ్చింది చదువు స్కాలర్‌షిప్ మీద, చదివింది ఫిజిక్స్. ఆ కాలేజీకి సొంత ట్రాక్ కూడా లేదు. 1976కు ముందు అతను ఆ పోటీలో దాదాపు పరిగెత్తనే లేదంటే నమ్మరు. హర్డిల్‌కు హర్డిల్‌కు మధ్య పదమూడే అడుగులు లెక్కగా వేస్తూ, 1977 నుంచి 1987 దాకా వరసగా 122 పోటీలు గెలిచాడు. ఎనిమిదో తరగతిలోనే ఒక్క ఆటకు కట్టేసి, లెక్కల పుస్తకం అటక మీద పెట్టేస్తే తప్ప చాంపియన్లు కారనే మాట ఎవరైనా అంటే ఈ పేరు చెప్పండి. పదమూడు, పద్నాలుగేళ్ళ దాకా పిల్లను అన్నీ ఆడనివ్వండి: కబడ్డీ, ఖోఖో, లాంగ్‌జంప్, ఏదైనా. మన ఊరికి ఆటలు కొత్తవేం కాదు. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్‌డీటీ) వాళ్ళ మైదానంలో దులీప్ ట్రోఫీ క్రికెట్ జరిగింది, 2010 నుంచి నడాల్ పేరుతో టెన్నిస్ బడి నడుస్తోంది. అన్నీ రుచి చూసే అవకాశం ఇక్కడి పిల్లలకు ఉంది.

ఇక శరీరం గురించి కొంచెం. పరుగు నేర్చే ఆడపిల్లకు నెలసరి ఆగిపోతే "ఆటల వల్లేలే" అని ఊరుకోవద్దు. చాలాసార్లు తినేది చాలడం లేదని శరీరం చెబుతోందని అర్థం, డాక్టరుకు చూపించాలి. రక్తహీనత మన పిల్లల్లో మామూలైపోయింది. సంగటి, ఆకుకూర పప్పు, గుడ్డు, ఉడకబెట్టిన శెనక్కాయలు మన ఇంట్లో ఉన్నవే, అవి చాలు. అన్నం తిన్న వెంటనే టీ ఇవ్వొద్దు, తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. డబ్బాల్లో వచ్చే పొడులు, ఎవరో ఇచ్చే ఇంజక్షన్లు వద్దే వద్దు. మోకాలి కింద ఎముక నొప్పి అని పిల్ల అంటే నమ్మండి. చాలామంది అననే అనరు. ఖర్చవుతుందని దాచిపెడతారు.

ఒక కఠినమైన మాట కూడా ఉంది. ఎవరో వస్తారు, "పుట్టిన తేదీ రెండేళ్ళు తగ్గిద్దాం, చిన్నోళ్ళతో పరిగెత్తితే మెడల్ ఖాయం" అంటారు. బిడ్డ మేలు కోరే మనం ఊగిపోతాం. ఒప్పుకోవద్దు. ఎముకల పరీక్షలో బయటపడితే నిషేధం పడుతుంది. బయటపడకపోయినా, తన నిజమైన పరుగుకు ఇంట్లో నమ్మకం లేదన్న సంగతి పిల్లకు ఆ రోజే అర్థమైపోతుంది.

చివరిగా, హాస్టల్‌కో అకాడమీకో పంపే రోజు. కోచ్ ఎన్ని మెడల్స్ తెప్పించాడో మీరు ఎలాగూ అడుగుతారు. దాంతోపాటు ఇవీ అడగండి: ఆడపిల్లలతో రాత్రిపూట ఉండే ఆడమనిషి ఎవరు? దెబ్బ తగిలితే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు? పదో తరగతి పరీక్షలప్పుడు చదువుకోవడానికి సెలవిస్తారా? ఫోను ఎప్పుడు చేయొచ్చు? అడిగితే కసురుకునే చోటైతే, ఎంత పేరున్నదైనా, ఇంకోచోటు చూసుకుందాం.

ఫోనులో మాట్లాడేటప్పుడు మొదట టైమెంత వచ్చిందని అడక్కండి. ఏం తిన్నది, నిద్ర పట్టిందా, పక్క మంచం పిల్ల ఏ ఊరిది, అవి అడగండి. ఇంటి అప్పుల సంగతి ఆ ఫోనులో వద్దు. పంపేముందు ఒక్కటి మాత్రం నోటితో స్పష్టంగా చెప్పాలి: "నీకు చేతగాకపోయినా, ఇష్టం లేకపోయినా సరే, ఏ రోజైనా వచ్చేయొచ్చు. మేం వచ్చి తోలుకొస్తాం." ఇట్లా చెబితే పిల్ల మూడో రోజే తిరిగొస్తుందని మీ భయం. నేను చూసినంతవరకు అలా చెప్పి పంపిన పిల్లలే ఎక్కువ కాలం నిలబడ్డారు. వెనక్కి రావడానికి దారి ఉందని తెలిసిన పిల్లకు అక్కడ ఉండటం తన ఇష్టమవుతుంది. రైలు చార్జీకి సరిపడా డబ్బు పాప పెట్టెలో వేరేగా పెట్టి, ఎక్కడ పెట్టారో చూపించండి. దాన్ని దేనికి ఖర్చు పెట్టిందని తర్వాత లెక్క అడక్కండి.